వాంపైర్‌లో ఎడమ సీటు

పొద్దు మునిగితే ప్రొద్దుటూరులో కాలేజీ షెడ్డు వెనక్కి ఎవరూ పోయేవాళ్లు కాదట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పదేళ్లకు, పిల్లలు చూసి నేర్చుకుంటారని ఒక పాత జెట్టు విమానాన్ని లారీ మీద తెచ్చి అక్కడ పడేశారు. దాని పేరు వాంపైర్... నెత్తురు తాగే దెయ్యం పేరు! పెట్టినవాళ్లకేం పోయింది, భయపడేది మనం కదా.

మన వైమానిక దళం కుర్రాళ్లు తొలిరోజుల్లో జెట్టు నడపడం నేర్చుకున్నది ఇట్లాంటి వాటిలోనే. ఎడమ సీట్లో శిష్యుడు, పక్కనే కుడి సీట్లో గురువు. ఈ విమానం గురువు మహా చాదస్తుడట — శిష్యుడి బెల్టు తన చేత్తో బిగించందే కదలనిచ్చేవాడు కాదట. ఆయన పోయాడు. చెక్కతో చేసిన విమానం ముక్కుకు చెదలు పట్టింది. ఆయన మాత్రం సీటు వదల్లేదంటారు.

గుల్జార్‌బీ ఇవేవీ నమ్మలేదు. ఆమె కడుపుమంట వేరు. అక్కడ కాపలా కాసే మొగుడు షంషుద్దీన్ కళ్లకు సుర్మా, చెవిలో అత్తరు దూది పెట్టుకుని మరీ పోతాడు. పైగా టీ రెండు గ్లాసులు! పెళ్లయినప్పటినుంచి తనకు ఒక్క పూట టీ అందించిన పాపాన పోలేదు.

ఆ రాత్రి వెనకాలే పోయి, షెడ్డు గోడకు ఆనుకుని చెవి ఒగ్గింది.

"చల్లారకముందే తాగండి..." మొగుడి గుసగుస. ఇంత మెత్తగా తనతో ఎన్నడు మాట్లాడాడు? ఒళ్లు మండి, గోడ చాటు నుంచి ఎదురుగా పోయి నిలబడింది.

"యాడుంది అది? దిగమను!"

షంషుద్దీన్ లాంతరుతో గిరుక్కున వెనక్కి తిరిగాడు. "అరవాకే... ఆడ ఆడమనిషి ల్యాదు. గురువుగారికి టీ పెడతాండా... నా జోలికి రాకుండా."

"దెయ్యానికా అత్తరు?"

"పెద్ద ఆఫీసరు కదే!"

నమ్మలేదు. నిచ్చెనెక్కి విమానం లోపలికి తొంగి చూసింది... ఎవరూ లేరు. రెక్క మీద టీ గ్లాసు ఒక్కటే పొగలు కక్కుతోంది. లోపలికి దిగి ఎడమ సీట్లో కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా కళ్లు తుడుచుకుంది.

"దెయ్యం పాటి చేయనా నేను?"

"రేపట్నుంచి మొదటి గ్లాసు నీకే. దిగు, పోదాం."

ఎన్నాళ్ల బరువో దిగిపోయింది. లేవబోయింది —

లేవలేకపోయింది.

"బెల్టు ఎప్పుడు కట్టినావు? విప్పు..."

కింద నుంచి మొగుడు లాంతరు పైకెత్తాడు. "నేను... నిచ్చెన ఎక్కనే ల్యాదే."

ఆమె భుజాల మీద పట్టీలు ఇంకాస్త బిగిశాయి.