రెండో వాన

మేకను పాతిపెట్టిన మట్టిచేతులతోనే యనీరా గట్టెక్కి వచ్చింది. ఆమెది దిగువ తోట, ఉబాల్డోది ఎగువ తోట. నడుమ ఎండిన వాగు, ఆ వాగుకు అడ్డంగా ఉబాల్డో వాళ్ల మట్టికట్ట.

"నిరుడు ఈ కట్టని మోకాలెత్తు పెంచావట, నిజమేనా?"

"అమ్మ పెంచమంది."

"అమ్మ చెప్తే బావిలో దూకుతావా?"

"దూకటానికి బావిలో నీళ్లేవి?"

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. ఆ వారంలో ఆమె పాతిపెట్టిన మూడో మేక అది.

"మావన్నీ చస్తే నాన్న తోట మీకే అమ్ముకుంటాడని కదా మీ పన్నాగం? నిన్ను ఆ నాగజెముడు కంచె మీద కూర్చోబెట్టకపోతే చూడు!" అనేసి దిగిపోయింది.

బొనైర్ దీవిలో తూర్పుగాలి ఏడాది పొడుగునా కొడుతూనే ఉంటుంది. మబ్బుల్ని అదే తెస్తుంది, కురవనివ్వకుండా అదే వెనెజువెలా వైపు తోలేస్తుంది. ఉబాల్డో ఆ గాలిలో నిలబడి ఆమె వెళ్లిన దారినే చూశాడు. తిట్టిపోసినా సరే, ఆ పిల్ల గట్టెక్కి వస్తే చాలనిపించే స్థితికి వచ్చి అతనికి చాలాకాలమైంది. సిగ్గుమాలిన ప్రేమంటే అదే మరి.

అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. కుక్కలు లేచి నిలబడ్డాయి. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది.

మొదటి వాన వెనకే రెండోది వస్తుంది, చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కదా అనుకున్నాడు ఉబాల్డో. మొదటిది ఆమెకి, రెండోది మనకి. తల్లి కునుకు తీస్తుండగా పార పట్టుకెళ్లి కట్టకు గండి కొట్టాడు.

వాన దంచికొట్టింది. ఎర్రటి నీళ్లన్నీ గండిలోంచి దూకి దిగువ తోట కుంటలోకి పోయాయి. అతను తడిసి ముద్దై, పిచ్చివాడిలా తనలో తనే నవ్వుకున్నాడు.

మర్నాడు వాగు అవతలినుంచి యనీరా కేకేసింది. "చూశావా ఎగువ దొరా! నీ కట్టని దేవుడే తెంపాడు!"

"ఆయనకీ నువ్వంటేనే ఇష్టం మరి."

"ఆయనకీ అంటే? ఇంకెవరికట?"

ఉబాల్డో నాలుక కరుచుకున్నాడు. ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

గండి పూడ్చి రెండో వాన కోసం చూశాడు. నవంబరు పోయింది. డిసెంబరూ పోయింది. మళ్లీ పట్టుకున్న గాలి ఇక వదల్లేదు. ముళ్లు కాల్చి నాగజెముడే మేతగా పెట్టినా మేకలు నిలవలేదు. ఒక ఉదయం, చచ్చిన చూడిమేక పక్కన కూర్చుని తల్లి తెక్లా అడిగింది.

"ఆ కట్ట దానంతటదే తెగిందా?"

"నేనే కొట్టానమ్మా. రెండో వాన వస్తుందనుకున్నా."

"ఈ దీవిలో పుట్టి రెండో వానని నమ్ముకున్నావురా? వెర్రిబాగులోడా!"

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తన ముచ్చట కోసం తల్లి నోట్లో మట్టి కొట్టానని ఉబాల్డోకి అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది.

వాళ్లకి నీళ్లిద్దామని డబ్బా మోసుకొచ్చిన యనీరా వాకిట్లోనే ఆగిపోయింది. అంతా విన్నది.

"నువ్వా కొట్టింది? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే, నీళ్లిచ్చి నిన్ను కొనుక్కుంటున్నా అనుకుంటావని."

"అనుకునేదాన్నే." కళ్లు తుడుచుకుంది. "ఒట్టి మొద్దువి. ఆ మొద్దునే చేసుకుంటాలే, పో." తర్వాత తెక్లా వైపు తిరిగింది. "అత్తా, మీ మందని కిందికి తోలండి. కానీ మా దగ్గరున్న నీళ్లు రెండు మందలకీ చాలవు. సగాన్ని కోసి మాంసం ఎండబెట్టుకోవాలి. మిగతా సగమైనా బతుకుతాయి."

సాయంత్రానికి రెండు మందలూ దిగువ తోటలో కలిశాయి. యనీరా తండ్రి బసీలియో కత్తి నూరి, తన మేకల్లోంచి ఒకదాన్ని కొమ్ములు పట్టి లాక్కొచ్చాడు. అది అరుస్తూనే ఉంది.

తెక్లా లేచి ఆయన చేతిలోంచి కత్తి తీసుకుంది.

"ముందు మావి కోద్దాం," అంది. "పిల్లనిచ్చేవాళ్ల చేత మొదట కోయించడం ఎక్కడైనా ఉందా?"

ఉబాల్డో తమ మేకను తెచ్చి పడుకోబెట్టి కాళ్లు పట్టుకున్నాడు. అది గింజుకుంటోంది. యనీరా వచ్చి పక్కన కూర్చుని, అతని చేతుల మీద తన చేతులు వేసి గట్టిగా అదిమిపట్టింది.