పాస్‌పోర్టులో అమ్మ పేరు

ఆ ఆదివారం పొద్దున దోసెలు కంచాల్లోకి చేరేలోపలే శ్రీలంక కబుర్లు మొదలయ్యాయి. అక్కడి ఏనుగులు దోసెలు తింటాయా అని ఐదేళ్ల పెంచల్ అడిగాడు. తింటాయిగానీ మన ఎర్రకారం తట్టుకోలేవని ప్రత్యూష సర్దిచెప్పింది. సుకుమార్ ఫోన్‌లో చెన్నై విమానాల వేళలు చూస్తున్నాడు. అతనిది రొయ్యపిల్లల్ని పెంచే హ్యాచరీలో ల్యాబ్ పని. సీజన్ అని ఒకసారి, రొయ్యపిల్లలకు తెగులు తగిలిందని ఒకసారి, పెళ్లయిన ఎనిమిదేళ్లలో వరసగా నాలుగు రోజుల సెలవు దొరికిందే లేదు. ఈ దసరాకు దొరికింది. పిల్లల్ని విమానం ఎక్కించాలని ప్రత్యూష రెండు నెలలుగా కలలు కంటోంది.

పదకొండేళ్ల జాహ్నవి మాత్రం దోసె తుంచుతూ, తల ఎత్తకుండా అంది.

"నేను రాను. మీరు ముగ్గురూ పోయి రండి. నేను చిట్టమూరులో అవ్వ దగ్గర ఉంటా."

ప్రత్యూష చేతిలో అట్లకాడ ఆగిపోయింది. విమానం కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని తమ్ముడితో వాదులాడిన పిల్ల, ఒక్క రాత్రిలో రానంటోంది. కారణం ప్రత్యూషకు తెలుసు, లేదా తెలుసుననుకుంది.

జాహ్నవి సుకుమార్ మొదటి భార్య రేవతి కూతురు. పిల్లకు రెండేళ్లప్పుడు రేవతి డెంగీ జ్వరంతో పోయింది. ఏడాది తర్వాత ప్రత్యూష ఆ ఇంట అడుగుపెట్టింది. అమ్మా అని పిలవమని పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నప్పుడు తనంతట తానే పిలిచింది. ఆ తర్వాత మానలేదు.

నిన్న పాస్‌పోర్టుల కోసం నాయుడుపేట బజార్లో నెట్ సెంటర్‌కు వెళ్లారు. ఫారం నింపే ఆయన జాహ్నవి తల్లి పేరు అడిగాడు. ప్రత్యూష తన పేరే చెప్పింది. పక్కనే నిలబడిన జాహ్నవి తెర వంక చూసి ఊరుకుంది. పుట్టిన సర్టిఫికెట్ కావాలన్నాడాయన. అది చిట్టమూరులో రేవతి తల్లి వెంకటశేషమ్మ దగ్గరుంది. కాన్పు పుట్టింట్లోనే జరిగింది మరి. సాయంత్రం జాహ్నవి ముందే సుకుమార్ ఫోన్ చేసి అడిగితే, ఆమె ఒకే మాట అడిగింది, తల్లి పేరు ఏమని రాసినారని. అబద్ధం చేతగాని మనిషి ఉన్నది చెప్పాడు. అవతల ఫోన్ పెట్టేసింది.

మీసేవలో ఇంకో కాపీ తీసుకుందాం, ఎంతసేపటి పని అని దోసె తింటూ సుకుమార్ అన్నాడు. ప్రత్యూష స్టవ్ ఆపేసింది.

"కాగితం దొరుకుతుందండీ. ఆమె మనసు మీసేవలో దొరకదు. పోదాం పదండి."

వాళ్లు వెళ్లేసరికి వెంకటశేషమ్మ వసారాలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. పిల్లలిద్దరినీ దగ్గరకు తీసుకుంది, చెరో అరిసె చేతిలో పెట్టింది. మన ఎండలు చాలకనా ఇంకో ఎండదేశానికి పోతుండారు అని అల్లుడిని ఎత్తిపొడిచింది. పిల్లలు పెరట్లోకి వెళ్లాక చేట పక్కన పెట్టి ప్రత్యూషను చూసింది.

"పెంచినావు తల్లీ, నేను కాదన్లేదు. నా బిడ్డ మొగుణ్ణి ఇచ్చింది, ఇల్లిచ్చింది, కన్నకూతుర్ని ఇచ్చింది. ఒక్క పేరన్నా దానికి మిగల్చగూడదా?"

దారి పొడవునా ప్రత్యూష జవాబులు కూడగట్టుకుంటూనే వచ్చింది. తడిగుడ్డ వేస్తూ కూర్చున్న జ్వరాలు, బడి మెట్ల దగ్గర నిలబడిన సాయంత్రాలు, జడలో పేలు తీసిన సెలవులు, అన్నీ చెప్పాలనుకుంది. ఆ ముసలి కళ్లు చూశాక నోటికి వచ్చింది వేరే మాట.

"తప్పే పెద్దమ్మా. ఆయన తల్లి పేరడిగితే అలవాటుగా నా పేరే వచ్చింది. బళ్లో, ఆస్పత్రిలో ఇన్నేండ్లూ అదే చెప్పినా. అంతటితో అయితే సర్దుకోవచ్చు. తెర మీద దాని పేరు కింద నా పేరు చూసి సంతోషపడినా. రేవతక్క ఆ క్షణాన గుర్తుకే రాలేదు."

వెంకటశేషమ్మ పోట్లాటకు సిద్ధపడి ఉంది. ఈ మాట విని, చేటలోని మినుముల్ని వేళ్లతో కదపసాగింది. జాహ్నవి ఎప్పుడు వచ్చిందో, గడప దగ్గర నిలబడి ఉంది. రేవతమ్మ పేరు రాయాలని నిన్న అక్కడే ఎందుకు చెప్పలేదమ్మా అని సుకుమార్ మెల్లగా అడిగాడు.

"రేవతమ్మ పేరు చెప్తే అమ్మ ఏడుస్తుంది. చెప్పకపోతే అవ్వ ఏడుస్తుంది. నేను రాకపోతే ఆ ఫారంతో పనే లేదు గదా."

ఆడవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాము చెరో వైపు పట్టి లాగుతున్నది పేరునే అనుకున్నారు. మధ్యలో నలుగుతున్నది ఈ పిల్ల. ఏనుగుల్ని, విమానాన్ని, కిటికీ సీటును, అన్నింటినీ నోరు మెదపకుండా వదిలేసుకుంది. ప్రత్యూష లేచి వెళ్లి పిల్లను గుండెకు హత్తుకుంది. అంతవరకు బిగబట్టుకున్న ఏడుపు జాహ్నవికి అప్పుడొచ్చింది.

వెంకటశేషమ్మ లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది.

"ఇంకో కాపీ తీసుకోవచ్చని నాకూ తెలుసు. మిమ్మల్ని ఆపాలని దాచలేదు. నా బిడ్డ పేరు, దాని బిడ్డ పేరు పక్కపక్కన ఉండే కాగితం ఈ ఇంట్లో ఇదొక్కటే."

"ఇప్పుడు రెండోది వస్తుంది పెద్దమ్మా," అంది ప్రత్యూష. "అది సముద్రం కూడా దాటి వస్తుంది."

ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుని, అదే చేత్తో ప్రత్యూష చెంప నిమిరింది. మధ్యాహ్నం అన్నం తిన్నాకగానీ కదలనివ్వలేదు. మీరూ రండి అని ప్రత్యూష అడిగితే, కోతలు వదిలిపెట్టి యాడికి వస్తానని నవ్వింది.

సోమవారం సాయంత్రం మళ్లీ నెట్ సెంటర్‌కు వెళ్లారు. రేవతి పేరులోని అక్షరాలు ప్రత్యూషే ఒక్కొక్కటిగా చెప్పింది. చెబుతున్నప్పుడు లోపల సన్నగా కలుక్కుమంది. కలుక్కుమనకుండా ఎలా ఉంటుంది. అయినా చివరి అక్షరం దాకా తనే చెప్పింది.

ఫారం చివరికి వచ్చింది. ఏదైనా ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలి అని ఆయన అడిగాడు. సుకుమార్ నోరు తెరిచేలోపే జాహ్నవి పది అంకెలూ గడగడా అప్పజెప్పింది. పేరు అడిగితే ప్రత్యూష అని చెప్పింది.

ఆయన తలెత్తి, తెరను, పిల్లను మార్చి మార్చి చూశాడు.

"ఈమె నీకేమవుతుందమ్మా?"

"మా అమ్మ," అంది జాహ్నవి.