శుక్రవారం ఎవరిది?

“శుక్రవారం కూడా నాకే కావాల మేడం,” అన్నాడు కోటిబాబు.

నాగమల్లేశ్వరి కుర్చీ అంచుకు జరిగింది.

నరసరావుపేట కోర్టులో మీడియేషన్ గది. బయట వాన దంచికొడుతోంది. మొగుడూ పెళ్లాలు విడిగా ఉండబట్టి ఏడాది దాటింది. కూతురు మానస వారమంతా పేటలో తల్లి దగ్గర, శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా కారంపూడిలో తండ్రి దగ్గర. ఇద్దరూ ఎదురుపడి పోట్లాడుకోకుండా పిల్లని బడి దగ్గరే తీసుకుని, బడి దగ్గరే దించాలని ఏర్పాటు. ఇక పిల్ల ఖర్చులకు కోటిబాబు నెలనెలా ఇస్తానన్న డబ్బు ఈ సోమవారం ఖాయం కావాలి.

“పిల్ల ఇంకో రోజు నీ దగ్గరుంటే నీకూ ఖర్చు పెరుగుతుంది. నెలకిచ్చేది తగ్గించమంటావా?” అడిగారు మీడియేటర్ మేడం.

“వద్దండీ. అనుకున్నదంతా ఇస్తా.”

మల్లేశ్వరికి అనుమానం రెట్టింపైంది. తగ్గించమంటే అదో లెక్క. రోజు ఎక్కువ కావాలట, రూపాయి తగ్గనక్కర్లేదట! ఊరక రారు మహానుభావులు.

“ఇయ్యాల శుక్రవారం అడిగినోడు రేపు గురువారం అడుగుతాడు మేడం. ఒక్కో రోజూ లాగి లాగి పిల్లనే లాక్కుంటాడు.” ఆమె భయమంతా అదే. మొగుడు లేకపోయినా మిషన్ కుట్టుకుని బతకగలదు, మానస లేకపోతే బతకలేదు.

“నేనేమన్నా దొంగనా?”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేంది?”

మేడం తల పట్టుకుని, కాసేపు బయట గాలి పీల్చుకుని రమ్మని ఇద్దరినీ పంపేశారు.

వరండాలో మల్లేశ్వరి తల్లి సుబ్బరత్నమ్మ పక్కన మానస కూర్చుని ఉంది. పొద్దున్నే తండ్రితో కారంపూడి నుంచి నేరుగా వచ్చింది. నున్నటి రెండు జడలు, ఒక్క వెంట్రుక చెదరలేదు, కొసన ఎర్ర రిబ్బన్లు.

సుబ్బరత్నమ్మ కూతురి చెవిలో ఊదింది. “చూశావటే ఆ జడలు? లారీ తోలే మగాడి పనేనా అది? ఆ ఇంట్లో ఎవతో ఉందే.”

మల్లేశ్వరికీ కొన్నాళ్లుగా అదే గుచ్చుకుంటోంది. మొదట్లో పిల్ల సోమవారం పిచ్చుకగూడు తలతో వచ్చేది. ఇప్పుడేమో ఈ సింగారం. తనది అసూయ కాదని ఎన్నోసార్లు సర్దిచెప్పుకుంది. అసూయే.

“జడలెవరేశారమ్మా?”

మానస తండ్రి వైపు చూసింది. “చెప్పొద్దన్నాడు నాన్న.”

కోటిబాబు వానను చూస్తున్నట్టు మొహం తిప్పుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“దాని పేరేందయ్యా?”

“ఎవరి పేరు?”

“నా కూతురికి జడలేస్తున్న మారాణి పేరు!”

అతను లారీ తాళాలు తీసి లెక్కపెట్టసాగాడు. ఆ నంగనాచి వేషానికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవతో వేసిన జడ తన బిడ్డ తలమీద ఉండటమేంటని రిబ్బను పట్టి లాగింది. ఊడలేదు సరికదా, ఇంకాస్త బిగుసుకుంది. వంగి చూసి ఆగిపోయింది.

ఆ ముడి ఆమెకు తెలుసు. కొత్త కాపురంలో అతని లారీ ఎక్కి, మిరపకాయ టిక్కీ బస్తాల లోడుతో గుంటూరు యార్డుకు వెళ్లేటప్పుడు, టార్పాలిన్ మీద తాడు బిగించి అతను వేసే ముడి. గాలివానకూ ఊడదు. మడిచిన కొస పట్టి ఒక్క గుంజు గుంజితే మాత్రం ఇట్టే విడిపోతుంది. ఆడవాళ్లెవరూ రిబ్బను అలా కట్టరు, పువ్వులా కడతారు.

కొస గుంజింది. రిబ్బను జారి చేతిలోకి వచ్చింది.

“నువ్వా?”

“తాళ్లు బిగించే చేతులే గదా,” తల గోక్కున్నాడు కోటిబాబు. “లాంగ్ ట్రిప్పుల మీదే గదా మన గొడవంతా. మానేశా. ఇప్పుడు క్వారీ రాయి లోకల్ లోడు తోలుతున్నా, రాత్రికి ఇంట్లోనే ఉంటున్నా. స్టీరింగుకు నూలు పాయలు కట్టి, ఫోన్లో చూసి చానా తిప్పలు పడి నేర్చుకున్నా. మా డ్రైవర్లకు తెలిస్తే బతకనిస్తారా? అందుకే చెప్పొద్దన్నా.”

నవ్వొచ్చింది మల్లేశ్వరికి. పళ్ల బిగువున ఆపుకుంది. అనుమానం అంత తేలిగ్గా పోతుందా?

“మరి శుక్రవారం ఎందుకు?”

అతను చెప్పు కొనతో నేలను రాశాడు. “బడి దగ్గర తీసుకుని బడి దగ్గర దించితే నువ్వు కనపడవు గదా మల్లీ. శుక్రవారం సాయంత్రం ట్యూషనయ్యాక పిల్ల ఇంట్లో ఉంటది. మీ ఇంటికే వచ్చి తీసుకోవచ్చని... గడప దాకానేలే.”

సుబ్బరత్నమ్మ ఉన్నట్టుండి గట్టిగా దగ్గి, టీ తాగొస్తానంటూ వానలోకే నడిచింది.

“ఆ ముక్క లోపలే చెప్పొచ్చుగా?”

“మేడం రాసుకుంటారని సిగ్గేసింది.”

మళ్లీ లోపలికి వెళ్లగానే మల్లేశ్వరే ముందు నోరు తెరిచింది. “శుక్రవారం పిల్లనిచ్చేది లేదు మేడం.”

కోటిబాబు మొహం వాడిపోయింది.

“శుక్రవారం ఆయన్నే రమ్మనండి మా ఇంటికి. ముగ్గురం కలిసి అన్నం తింటాం.”

“మరి నెల డబ్బులు?” మేడం నవ్వు దాచుకున్నారు.

“అంతా ఇస్తానన్నాడుగా, ఇయ్యనీండి. జడలేస్తే మాఫీనా?”

వరండాలో మానస విడిపోయిన జడ పట్టుకుని ఎదురుచూస్తోంది. మల్లేశ్వరి రిబ్బను కోటిబాబు చేతిలో పెట్టింది. “వెయ్యి బావా.”

మేనత్త కొడుకని చిన్నప్పటి నుంచీ పిలిచిన పిలుపు. ఏడాదిగా ఆమె నోట రాలేదు.

“ఇంతమంది ముందా?”

“ఆ, ఇంతమంది ముందే.”

నల్లకోట్లన్నీ చూస్తుండగా కోటిబాబు మోకాళ్ల మీద కూర్చుని పాయలు తీశాడు. బావా అన్న పిలుపు విన్నాక తన ముడే మర్చిపోయాడు, కొసన రిబ్బను నిలవనే లేదు. మల్లేశ్వరి పక్కన కూర్చుని దాన్ని అందుకుంది, లారీ ముడే వేసింది.