యోవ్నా మంచుబండి

మారిత్ పొయ్యి మీద కాఫీ పెట్టి కిటికీలోంచి చూసేసరికి తండ్రి అప్పటికే పెరట్లో ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ల యోవ్నా తన పాత మంచుబండిని పక్కకు ఒరిగించి, కింది రబ్బరు పట్టాకు అంటుకున్న గడ్డల్ని చెక్కసుత్తితో రాలగొడుతున్నాడు. ఆ బండికి యాభై ఏళ్లు దాటాయి. మీట నొక్కితే కదిలే రకం కాదు. పెట్రోలులో ఆయిలు కలపాలి, బిగుసుకుపోయిన బెల్టును పొయ్యి వెనక వేలాడదీసి మెత్తబరచాలి, చోక్ వేసి తాడు లాగాలి. లాగుతూనే ఉండాలి.

"నాన్నా, మైనస్ ముప్పై రెండు ఉంది. ఇవాళ వెళ్లకు," అంది మారిత్ తలుపు తీసి.

"శనివారం కదమ్మా. ఆ బెల్టు ఇలా అందుకో."

ప్రతి శనివారం ఆయన ఒంటరిగా గడ్డకట్టిన సరస్సు అవతలికి వెళ్లేవాడు, ఏరు వచ్చి కలిసే చోటికి. రెండేళ్ల కిందట ఆమె తమ్ముడు నీలాస్, జింకల మందను వెతుకుతూ పోయి, బరువైన కొత్త బండితో సహా అక్కడే మంచు విరిగి మునిగిపోయాడు. ఆ తరవాతే మారిత్ పట్నంలో ఉద్యోగం వదిలేసి తండ్రి దగ్గరికి వచ్చింది. ఆ చోటికి మాత్రం ఆమె ఒక్కసారీ వెళ్లలేదు. అక్కడేం పని అని అడిగితే తండ్రి జవాబు చెప్పేవాడు కాదు.

యోవ్నా తాడు లాగాడు. ఒకసారి, రెండుసార్లు, తొమ్మిదిసార్లు. ఆయాసపడుతూ మూత ఎత్తి చూశాడు. స్పార్క్ ప్లగ్గు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం. కోటు లోపలి జేబులో వెచ్చగా దాచుకునే కొత్త ప్లగ్గూ లేదు.

చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. "ఇచ్చెయ్."

"ఇవ్వను."

"మారిత్, ఆటలాడకు."

"ఆటలా? నీ చేతులు వణుకుతున్నాయి. కప్పు పట్టుకుంటే కాఫీ ఒలుకుతోంది. ఆ డొక్కు బండి మధ్యలో ఆగితే ఎవరొస్తారు? పక్కింటి పియేరా మామకు చెప్పవు, నన్ను తీసుకెళ్లవు!"

"దీన్ని విప్పి బిగించడం నాకు తెలుసు. నాలుగుసార్లు ఇంజను దించాను."

"బండి సంగతి కాదు నేననేది! వాణ్ణి మింగిన చోటే నువ్వూ మునగాలని కదా వెళ్తున్నావు? చావాలనుంటే నాతో చెప్పి చావు. ఒకర్ని వెతికించాం. ఇంకొకర్ని వెతికించే ఓపిక నాకు లేదు!"

యోవ్నా ముఖం పాలిపోయింది. వెనుదిరిగి కొట్టంలోకి వెళ్లాడు. పాత సామాన్ల డబ్బాలోంచి మసిపట్టిన ప్లగ్గు ఒకటి ఏరి, వైరు బ్రష్షుతో గీకి బిగించాడు. నాలుగోసారి లాగితే బండి దగ్గి, నీలిపొగ కక్కి, స్టార్టయింది. మారిత్ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చేసరికి అది సరస్సు మీద చుక్కంతయింది.

మధ్యాహ్నానికల్లా రావాలి. రాలేదు. కాసేపు చూసి ఆమె పియేరా ఇంటికి పరుగెత్తింది.

"ఏ ప్లగ్గు వేసుకుపోయాడు?" అన్నాడు పియేరా తన బండి తీస్తూ.

"డబ్బాలోది... పాతది. మంచివి నేను దాచేశాను మామా."

ఆయన వెనక సీటు మీది మంచు దులిపాడు. "ఎక్కు," అన్నాడంతే.

ఏరు కలిసే చోటికి చేరేసరికి వెలుతురు నీలంగా మారుతోంది. పాత బండి మూత తెరిచి ఉంది. పక్కన మోకాళ్ల మీద యోవ్నా. ప్లగ్గు మాడి బండి ఆగిపోతే గ్లౌజులు తీసి విప్పాడు. దాన్ని తుడుస్తుండగా పెట్రోలు వేళ్ల మీద ఒలికింది. ఆ చలిలో పెట్రోలు తగిలిన వేళ్లు అక్కడికక్కడే కొయ్యబారాయి. కుడిచెయ్యి మైనంలా తెల్లబడింది. అయినా గుప్పిట్లో ప్లగ్గు పట్టుకునే ఉన్నాడు.

"నాన్నా!" అంటూ ఆ చేతిని తీసి తన కోటులో, కడుపుకు ఆనించుకుంది. అప్పుడు కనబడ్డాయి ఆమెకు, ముందరి మంచు మీద వరసగా పాతిన బిర్చ్ చెట్టు కర్రలు. ప్రతిదానికీ ఎర్రగుడ్డ. యాభై, అరవై ఉంటాయి. వాటికి అవతల మంచు నల్లగా, పలచగా ఉంది.

ఆస్పత్రిలో కుడిచేతి నాలుగు వేళ్లు తీసేశారు. బొటనవేలు మిగిలింది.

ఇంటికొచ్చిన మర్నాడు మారిత్ చెంచాతో పులుసు తాగిస్తుంటే యోవ్నా తల తిప్పుకున్నాడు.

"ఆ రోజు పొద్దున నీలాస్ నన్నడిగాడు, ఏటి దగ్గర మంచు బండి బరువుకు ఆగుతుందా అని. పోయినేడు ఆగిందిగా, పో అన్నాను. వెళ్లి చూడలేదు. పేపరు చదువుకుంటూ చెప్పాను." పులుసు గిన్నెను పక్కకు నెట్టాడు. "అక్కడ నీళ్లు అడుగున పారుతుంటాయి. పలచని మంచు వారం వారం జరుగుతుంటుంది. అందుకే వెళ్లి కర్రలు మార్చి పాతుతున్నా. ఇంకెవరూ పోకూడదని."

మారిత్ చెంచా కింద పెట్టింది. "ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు నన్ను అసహ్యించుకుంటావని."

"నీ వేళ్లు పోగొట్టింది నేను. మంచి ప్లగ్గు నేను దాచకపోతే నువ్వు..." ఆమె ఆయన ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

కట్టు కట్టిన చెయ్యి ఆమె తల మీద వాలింది. "ఆ మాట మోయకు తల్లీ. రెండేళ్లు మోశాను. మనిషిని తినేస్తుంది. డబ్బాలోది వేసుకున్నది నేను. దింపెయ్ నెత్తిమీంచి."

"మరి నీది?"

యోవ్నా కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. "ఇవాళ చెప్పాను కదా. కొంచెం దిగింది."

శనివారం మారిత్ బండి ముందు నిలబడింది. పది లాగులకు భుజం పడిపోయింది.

"చోక్ సగానికి తగ్గించు మొద్దూ! పెట్రోలు ముంచేస్తున్నావు," అని వెనకనుంచి అరిచాడు యోవ్నా.

"తిట్టకుండా చెప్పడం రాదా నీకు?"

పదమూడోసారికి ఇంజను అందుకుంది. తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని నెమ్మదిగా నడిపింది. ఏటి దగ్గర ఆయన దూరంగా ఆపించి, ఇనుపకడ్డీతో మంచును పొడిచి చూడమన్నాడు. మూడో పోటుకే నీళ్లు ఉబికాయి. యోవ్నా చివరిసారి పాతిన కర్రకు ఇది ఏడడుగులు ఇవతల.

"ఇటు జరిగింది నాన్నా," అంది. కర్ర పెరికి, వెనక్కి నడిచి, కొత్తచోట పాతింది.

"ఇంకొక అడుగు ఇవతలికి," అన్నాడాయన.

మారిత్ ఒక అడుగు ఇవతలికి వచ్చి, మళ్లీ పాతింది.