ఆరో నంబరు మంచం పిలుపు

“రిపోర్టు రాకుండా ఆ మందు ఇవ్వను.”

“నేను డాక్టర్ని!”

“అయితే ఏంటి? బీరువా తాళం నా దగ్గరుంది.”

హాస్పిటల్ ఫార్మసీ కిటికీకి అటు ఆమె, ఇటు అతను. మిగతావేవీ పనిచేయనప్పుడు చివరగా వాడే యాంటీబయాటిక్స్ ఆమె అధీనంలో ఉంటాయి. అందుకే డాక్టర్లు ఆమెకు ‘తాళం’ అని పేరు పెట్టారు. అతను ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. రోజూ ఏదో ఒక చీటీ పట్టుకుని పోట్లాటకు వచ్చేవాడు. చీటీ వంకతో ఎవరికోసం వస్తున్నాడో ఫార్మసీలో అందరికీ తెలుసు, అతనికి తప్ప.

ఈరోజు మాత్రం అతను చీటీని కిటికీలోంచి ఆమె ముందుకు తోశాడు.

“పేషెంటు మా నాయనమ్మ. నన్ను పెంచిన మనిషి. నిన్నటినుంచి జ్వరం దిగట్లేదు.”

ఆమె గొంతు తగ్గింది. “బ్లడ్ కల్చర్ పంపారా?”

“పంపాం. ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో రేపటికిగానీ తేలదు.”

“బీపీ?”

“బాగానే ఉంది.”

“అయితే ఇప్పుడిస్తున్న మామూలు మందే కానివ్వండి. నేనూ వచ్చి కూర్చుంటాను. బీపీ కాస్త దిగినా చీటీ కూడా అడగను, నేనే పరుగెత్తుకెళ్లి తెస్తాను.”

“ఈలోగా ఏమన్నా అయితే?”

“ఇంక నా మొహం చూడకండి.”

“అదే కదా నా భయం” అనేసి నాలిక కరుచుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి వాన పట్టుకుంది. వార్డు మసకబారింది. నాయనమ్మ మగతగా మూలుగుతోంది. గోడమీద, రోగుల పిలుపులు చూపే బోర్డులో ఎర్రదీపం వెలిగింది. నాలుగో అంతస్తు, ఆరో నంబరు మంచం.

“అది మూతపడిన వార్డు కదా?” అన్నాడతను.

పక్కన కూర్చున్న ఆమె అప్పటికే లేచింది. నాయనమ్మను సిస్టర్‌కి అప్పగించి, అతనూ వెంట నడిచాడు.

పైన పరుపుల్లేని మంచాలు. నేలమీద దుమ్ము, దానిమీద ఆమె పాత అడుగుజాడలు మాత్రమే. ఆరో మంచం దగ్గర బజర్ ఆపి, ఆమె కాసేపు నిలబడింది.

“ఎవరు నొక్కారు?”

“తెలీదు. తీగలు పీకేసి ఏడాది దాటిందన్నాడు ఎలక్ట్రీషియన్.”

అతను ఒకడుగు వెనక్కి వేశాడు. “మరి మీరెందుకొస్తారు?”

“ఈ మంచంమీద ఒకావిడ ఉండేది. నా ఈడుదే. జలుబుకీ దగ్గుకీ అందరం పెద్ద మందులు వాడేసి, వార్డులోని క్రిములకు వాటిని అలవాటు చేసేశాం. ఆమెకొచ్చేసరికి బీరువాలో ఒక్కటీ పనిచేయలేదు. పోయేవరకూ రోజూ ఈ టైముకే పిలిచి, ‘కొత్త మందేమైనా వచ్చిందా?’ అనడిగేది. నేనొచ్చి, రాలేదని చెప్పేదాన్ని.”

కిటికీలు మూసే ఉన్నాయి. అయినా మంచం పక్క తెర నెమ్మదిగా కదిలింది.

“ఇప్పుడూ చెప్తారా?”

“చెప్తాను. పిలిచినప్పుడు ఎవరో ఒకరు రావాలి కదా.”

మెట్లు దిగేటప్పుడు అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

మర్నాడు రిపోర్టు వచ్చింది. ఇస్తున్న మామూలు మందుకే ఆ క్రిమి లొంగుతుంది. సాయంత్రానికి జ్వరం దిగి, నాయనమ్మ దిండుకానుకుని ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

“ఏరా, ఈ పిల్లేనా? ఇంటికొస్తే చాలు, ‘తాళం ఇలా అంది, తాళం అలా అంది’ అని నా చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడివిగా!”

“నాయనమ్మా!”

“నువ్వూరుకో. ఏమ్మా, వీణ్ణి చేసుకుంటావా?”

ఆమె నవ్వాపుకుంది. “ఏ మందైనా మొదలుపెట్టాక రెండు రోజులకు మళ్లీ చూస్తాం మామ్మగారూ. అప్పుడే, కొనసాగించాలో ఆపాలో చెప్పేది.”

“రెండు రోజులా!” అన్నాడతను.

“అలాగే చూడమ్మా, తొందరేంలేదు” అంది నాయనమ్మ. తర్వాత ఆ పిల్ల భుజం పక్కనున్న ఖాళీలోకి చూసి ముసిముసిగా నవ్వింది. “నీ ఫ్రెండు మాత్రం అప్పుడే సరేనని తలూపుతోంది. నిన్నట్నుంచి నిలబడే ఉంది పాపం, కూర్చోమని చెప్పు.”

అతను గిరుక్కున తిరిగి చూశాడు. అక్కడెవరూ లేరు.

ఆమె అటు చూడనేలేదు. బెంచీమీద కాస్త జరిగి, పక్కన చోటిచ్చింది.