మాడు వాసన

సోమవారం ఉదయం ఆరున్నరకి నోరీన్ వంటింట్లో నిలబడే మొక్కజొన్న రొట్టె కాఫీలో ముంచుకుని తినేస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ల ఆమె తండ్రి ఆర్లిస్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వాకిట్లో కారుని చూస్తున్నాడు. నిజానికి ఆయన చూస్తున్నది కారుని కాదు, శనివారం తను చేసిన పనిని.

"నిన్న తోలావుగా. రెండో గేరు నుంచి మూడుకి ఎలా మారింది?" అన్నాడు.

"బాగానే మారింది నాన్నా."

"బాగానే ఏంటి, వెన్నలా మారిందను."

రంపపు మిల్లుకి బయల్దేరుతున్న అల్లుడు గ్రాంట్ బూట్లు కట్టుకుంటూ, "ఆ వెన్న సంగతి కొండెక్కాక తెలుస్తుంది పెద్దాయనా," అన్నాడు.

"నువ్వు దుంగలు కోసుకునేవాడివి. దుంగల సంగతి చూసుకో అబ్బాయ్."

మామా అల్లుళ్లకి ఒకరినొకరు దెప్పుకోనిదే తెల్లవారదు. ఈసారి గొడవ మాత్రం కారు గురించి. రెండు లక్షల ముప్ఫై వేల మైళ్లు తిరిగిన, గేర్లు వాటంతటవే మారే పాత బండి, ముగ్గురి చేతులు మారి వీళ్ల దగ్గరికి వచ్చింది. నెల రోజులుగా గేరు మారిన ప్రతిసారీ వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఎగిరిపడుతోంది. గ్రాంట్ దాన్ని ఊళ్లో మెకానిక్‌కి చూపించాడు. అతను ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వాసన చూసి, "మాడిపోయింది. ఇప్పుడు మార్చొద్దు. లోపలి బిళ్లలు అరిగి ఇందులో రాలిన పొడి పట్టుతోనే బండి నడుస్తోంది. కొత్త ఆయిల్ పోస్తే ఆ పట్టూ పోతుంది. మెల్లగా తోలుకోండి," అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే ఆర్లిస్‌కి ఒళ్లు మండింది. నలభై ఏళ్లు ఈ కెంటకీ కొండల్లో గేరు పెట్టెలు విప్పి కట్టిన మనిషాయన. "ఆర్లిస్ ముక్కు పెడితే చాలు" అని జిల్లా అంతా చెప్పుకునేది. వెంటనే ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, తెల్లగుడ్డకి తుడిచి, వేళ్ల మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మాడలేదు, గీడలేదు. ఉత్త మురికి. ఆయిల్, ఫిల్టర్ మారిస్తే సరి," అని తేల్చేశాడు. నోరీన్ మొగుడి మాట కాదని తండ్రి మాట విన్నది. శనివారం ఆయన కారు కిందకి దూరితే, టార్చి పట్టుకుని, కారే ఆయిల్ పట్టడానికి గిన్నె అందించింది తనే.

ఆమె ఆశ అంతా ఆ బండి మీదే ఉంది. బెర్నీస్ అనే ఆవిడ ఇరవై ఆరేళ్లుగా కొండ ఇళ్లకి ఉత్తరాలు పంచే కాంట్రాక్టు చేస్తోంది, ఇప్పుడు మానేస్తోంది. సొంత కారుతో నెల రోజులు ఒక్కపూట కూడా ఆగకుండా తిప్పితే ఆ రూటు నోరీన్‌కి అప్పగిస్తానంది. అరవై మైళ్లు, రోడ్డు పక్కన నాలుగు వందల పన్నెండు ఉత్తరాల డబ్బాలు. స్టీరింగు ఎడమవైపు ఉన్నా, డబ్బాలు చేతికందేలా కుడివైపు సీట్లో కూర్చుని, ఎడమ కాలు అవతలికి చాచి పెడళ్లు తొక్కుతూ, ప్రతి డబ్బా దగ్గరా ఆగుతూ కదులుతూ పోవాలి. నలభై ఏడేళ్ల వయసులో, పదేళ్లు ఆస్పత్రిలో నేల తుడిచాక, మొదటిసారి తనదంటూ ఒక పని దొరకబోతోంది. ఇంకా ఎనిమిది రోజులే మిగిలాయి.

పదకొండు గంటలకి కొండ ఎత్తు మీద, సగం ఉత్తరాలు ఇంకా పెట్టెలో ఉండగా, ఇంజను గట్టిగా అరిచింది గానీ బండి ముందుకి కదల్లేదు. మెల్లగా వెనక్కి జారింది. నోరీన్ బ్రేకు తొక్కిపట్టి, మూడుసార్లు గేరు వేసి తీసింది. ప్రయోజనం లేకపోయింది.

బెర్నీస్ తన బండి తెచ్చి ఉత్తరాలన్నీ అందులోకి మార్చుకుంది. "నీ మీద కోపం లేదు తల్లీ. కానీ ఉత్తరాలు ఆగకూడదు. మనూరి ట్రాయ్ ఆ రూటు తను చేస్తానన్నాడు, అతనికి ఇచ్చేస్తున్నా," అంది. ఆమె అంత మెత్తగా చెప్పడమే నోరీన్‌కి ఎక్కువ బాధ అనిపించింది.

మధ్యాహ్నం రెండింటికి గ్రాంట్ మిల్లు ట్రక్కుకి కట్టి కారుని ఇంటికి లాక్కొచ్చాడు. ఆర్లిస్ గుమ్మంలోనే ఉన్నాడు. ఏమైందని ఎవరూ ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది.

"రూటు పోయింది నాన్నా. ట్రాయ్‌కి ఇచ్చేశారు," అంది నోరీన్.

"పంపు పోయుంటుంది. ఆయిల్‌కీ దీనికీ సంబంధం లేదు."

"అబ్బ, ఏం ముక్కండీ," అన్నాడు గ్రాంట్. "ఇటు రా నోరీన్, నీకొకటి చూపిస్తా."

షెడ్డులో, శనివారం తీసిన పాత ఆయిల్ ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. గ్రాంట్ మూత తీసేసరికి నాలుగడుగుల దూరంలోనే కాలిన వాసన గుప్పుమంది. ఆ వాసన నోరీన్‌కి కొత్త కాదు. శనివారం గిన్నె పట్టుకున్నప్పుడే తగిలింది. ఈ ఆయిల్ ఇలాగే ఉంటుంది కాబోలనుకుని ఊరుకుంది.

ఆమె విసురుగా వంటింట్లోకి వచ్చింది. "చిన్నపిల్లకైనా తెలిసే వాసన నాన్నా అది. నీకు తెలీదా? తెలిసే అబద్ధం చెప్పావు కదూ, గ్రాంట్ మాట నెగ్గకూడదని?"

ఆర్లిస్ టేబుల్ మీది గుడ్డ మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. "అవును. అబద్ధమే చెప్పాను," అన్నాడు.

"నీ పొగరు కోసం నా నోటి దగ్గర కూడు తీసేశావు. అమ్మ ఎలా వేగిందో నీతో."

నోరీన్ కారులో మిగిలిన సామాను తెచ్చుకోవడానికి బయటికి వెళ్లింది. ఏడుపు ఆపుకుని తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ. పొయ్యి మీద చిక్కుడు గింజలు అడుగంటి నల్లబడుతున్నాయి. పొయ్యికి వీపు పెట్టి, చేయి చాపితే అందేంత దూరంలో, తండ్రి కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, మాడిపోతోంది."

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "అయ్యో, చూడలేదమ్మా."

చూడలేదట. నోరీన్ పొయ్యి ఆపింది. కాసేపు ఆ గిన్నెనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీకు వాసన తెలీక ఎన్నాళ్లైంది?" అంది.

"అమ్మ పోయిన మరుసటి చలికాలం నాకు జ్వరమొచ్చింది చూడు, అప్పుడు. బీరువాలో దాని కోటుంది కదా. దిగులేసినప్పుడల్లా అందులో మొహం పెట్టుకునేవాణ్ణి. జ్వరం తగ్గాక పెట్టుకుంటే ఏమీ లేదు. ఉత్త గుడ్డ."

"అబద్ధమాడానని ఎందుకు ఒప్పుకున్నావు మరి?"

"అబద్ధాలకోరైనా, పనొచ్చినవాడైతే ఎవరో ఒకరు బండి తెస్తారు. ముక్కు చచ్చినవాడి దగ్గరికి ఎవడొస్తాడు?"

ఆర్లిస్ లేచి గోడ ఫోను అందుకున్నాడు.

"వద్దు నాన్నా. ఇచ్చేశారని చెప్పాగా."

ఆయన అప్పటికే నంబరు కొట్టాడు. "బెర్నీస్, నేను ఆర్లిస్‌ని. పిల్ల తప్పేం లేదు. తప్పు నాది. నాకు వాసన తెలీదు. ఆయిల్ మాడిందో లేదో తెలుసుకోలేక మార్చేశాను. దానికి ఇంకొక్క వారం ఇచ్చి చూడు." అవతల ఏదో అడిగారు. "ఆఁ, అస్సలు తెలీదు. రెండేళ్లు దాటింది." ఇంకేదో అన్నారు. "సరే. మాటిచ్చాక ఏం చేస్తావులే. ట్రాయ్ మంచివాడే," అని ఫోను పెట్టేశాడు.

బెర్నీస్ చెవిలో పడ్డ మాట పొద్దుగూకేలోగా అన్ని కొండలూ ఎక్కి దిగుతుంది. అది ఆయనకీ తెలుసు. నోరీన్ మధ్యలోనే వెళ్లి ఫోను లాక్కోగలిగేదే. లేచింది కూడా. కానీ తండ్రి నోటి నుంచి 'తప్పు నాది' అన్న మాట పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. ఒక్కసారి వినాలనిపించి ఆగిపోయింది. విన్నాక మాత్రం గెలిచినట్టు అనిపించలేదు. అక్కడే ఆయన చేయి పట్టుకుని భోరుమంది.

"ఇవ్వనందిరా తల్లీ," అన్నాడు ఆర్లిస్.

"నాకు శనివారమే ఆ వాసన తగిలింది నాన్నా. గిన్నె నా చేతిలోనే ఉంది."

ఆయన కూతురి మొహంలోకి చూశాడు. "మరి చెప్పలేదేం?"

"ఏ రోజైనా చెప్పనిచ్చావా నన్ను?"

ఆయన కళ్లు నిండాయి.

"లేదు," అన్నాడు.