టీవీ పెట్టె తాళం

గౌరీదేవి పెదవుల మధ్య పిన్ను పట్టుకునే ఇంటిల్లిపాదికీ పనులు పురమాయిస్తోంది. టాటానగర్ బర్మామైన్స్ సందులో ఆ రెండు గదుల ఇంటికి ఆమె గొంతు చాలు, వేరే గడియారం అక్కర్లేదు. వరండాలో మామగారు నీలకంఠం ఖాళీ టీ గ్లాసు చేతిలో తిప్పుతూ, కోడలు ఎప్పుడు తనవైపు చూస్తుందా అని కూర్చున్నాడు.

"అమ్మా గౌరీ, ఆ టీవీ తాళం ఓపాలి ఇచ్చెల్తావేటి? మద్దేనం పాఠాలొత్తాయి కదా, సౌండు తగ్గించీసి సూత్తాను."

"పద్మకి మెట్రిక్ పరీక్షలు మావయ్యా. మీరు పెడితే దాని ధ్యాస అటే పోద్ది. పరీక్షలవనీండి."

"పద్మా, నువ్వైనా సెప్పమ్మా."

"టైమ్ నహీ హై తాతా," అంటూ మనవరాలు గది తలుపు వేసేసుకుంది.

చెక్క తలుపుల టీవీ పెట్టె మూలన ఉంది. దాని తాళం గౌరీదేవి సంచిలో ఉంది. టాటానగర్ లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన నీలకంఠానికి పోయినేడు భార్య వరహాలు పోయింది. కొడుకు జగ్గారావు గూడ్సు బండికి గార్డు, ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. పగలంతా ఆ ముసలాయనతో మాట్లాడేవాళ్లే లేరు. పలకరిస్తే పోయేదేమీ లేదు, కానీ ఆ ఇంట్లో ఎవరికీ తీరలేదు.

గౌరీదేవికి తీరకపోవడానికి కారణం ఉంది. ఆ ఏడు వాళ్ల విద్యాసంఘం తన కింద ఉన్న బడులన్నిటికీ టీవీలు కొని, వాటితో పాఠాలు చెప్పించే బాధ్యత సైన్సు టీచరైన ఆమెకు అప్పగించింది. సెట్లయితే వచ్చాయి. హెడ్మాస్టర్లు వాటికి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పాడైతే ఎవరు జవాబు చెప్పుకుంటారని తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. సిద్ధగోరా బడిలో అయితే ఇంకా అట్టపెట్టె కూడా విప్పలేదు. "చూడ్డానికిచ్చాం, దాచుకోడానికి కాదు" అని ఆమె బడిబడికీ తిరిగి పోట్లాడింది. తాళం పాఠం చూసే తరగతిలోనే ఉండాలని రూలు పెట్టించి, దాదాపు అన్నిచోట్లా నెగ్గింది.

ఆ మధ్యాహ్నం జుగ్సలాయి బడికి వెళ్తే హెడ్మాస్టరు శాంతకుమార్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"మా దగ్గర రోజూ నడుస్తోంది మేడం. ఓ పెద్దాయన కూడా వస్తున్నాడు. వెనక బెంచీలో కూర్చుంటాడు. ఇంట్లో ఎవరూ లేరట, పాపం. పంపెయ్యలేకపోయాను."

తలుపు తీయగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. వాళ్లతో పాటు వెనక బెంచీలో నీలకంఠం కూడా లేచాడు.

"నమస్తే మేడం!" అన్నారు పిల్లలు. ఆయనా చేతులు జోడించాడు.

గౌరీదేవి గుమ్మంలోనే ఆగిపోయింది. తన ఇంటి టీవీకి తాళం ఉందని తెలిస్తే ఈ ఊళ్లో తన మాట ఎవరు వింటారు? ఎవరో తెలియనట్టే తలూపి, "కూర్చోండి" అని బయటికొచ్చేసింది.

సాయంత్రం చెప్పులైనా విప్పకుండా విరుచుకుపడింది.

"ఇంట్లో ఎవరూ లేరని చెప్పుకుంటన్నారట! మేమంతా చచ్చిపోనామేటి మావయ్యా?"

"కోప్పడకమ్మా. మద్దేనం పూట ఇంట్లో నాతో మాటాడేవోళ్లెవరున్నారు సెప్పు? నీ పేరు సెప్తే నీకు నామోషీ అని ఊరుకున్నాను."

"టీవీ కోసం రైలు పట్టాలు దాటి అంత దూరం ఎల్లాలా? ఇదిగో, తీసుకోండి తాళం!"

ఆయన అందుకోలేదు.

"టీవీ ఎవడు సూత్తన్నాడమ్మా? అక్కడ పిల్లలు దాదాజీ అని పక్కన కూకుంటారు. బొమ్మలో అది ఏటి, ఇది ఏటి అని అడుగుతారు. నన్ను అడిగేవాళ్లు ఇంకెవరున్నారు?" ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "ఇయ్యాల నువ్వొచ్చినావు. నా కోడలే, పలకరిత్తాది అనుకున్నాను. ఎవరో అన్నట్టు సూసి ఎల్లిపోనావు. వరహాలు పోయిన్నాడు కూడా నాకు ఇంత ఒంటరిగా అనిపించలేదమ్మా."

గౌరీదేవి అరుగు మీద కూలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఊరందరి తాళాలూ తీయించానని మురిసిపోయిన తనకు, కళ్లెదుట మనిషే కనబడలేదు. లోపలి తలుపు తెరుచుకుంది. "తాతా, చాయ్ లావూఁ?" అని పద్మ చిన్నగా అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం మామాకోడళ్లు కలిసే పట్టాలు దాటారు. తరగతి లేచి నిలబడింది. శాంతకుమార్ కుర్చీ తెప్పించబోయాడు.

"వద్దండీ," అంది గౌరీదేవి. అందరికీ వినబడేలా, "ఈయన మా మామగారు. మా ఇంట్లో టీవీకి నేను తాళం వేశాను. అందుకే ఇక్కడికొస్తున్నారు. ఇవాళ నేనూ ఆయన పక్కనే చూస్తాను" అంది.

శాంతకుమార్ తెల్లబోయాడు. నీలకంఠం తడబడుతూ వెనక బెంచీలో కాస్త జరిగాడు.

"రా అమ్మా, కూకో."

తెరమీద ఏదో రెక్కలు విప్పుకుంటోంది. గౌరీదేవికి ఆ పాఠం కంఠతా వచ్చు. అయినా ఆయనవైపు వంగి అడిగింది.

"అదేటి మావయ్యా?"